రోకలి ఎవరి చేతిలో ఉంది?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువతీ యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)





ఆగస్టు 9న మనం పండుగ చేసుకుంటున్నాం. ఆదివాసీ ప్రజల విషయాలు చర్చించడానికి ఐక్యరాజ్యసమితిలో ఏర్పడిన కార్యవర్గం 1982లో ఈ రోజునే మొదటిసారి కూర్చుంది. అందుకే ఈ తేదీ. ఈ రోజు మనం థింసా ఆడతాం, డప్పు కొడతాం, 1/70 చట్టం గురించి, 2006 అటవీ హక్కుల చట్టం గురించి మాట్లాడుకుంటాం. వాటి మీద నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. నన్ను మాత్రం వంటింటి గురించి మాట్లాడమన్నారు. కొందరు తమ్ముళ్ళు నవ్వారు కూడా. హక్కుల సభలో వంటింటి సంగతేమిటి అనుకున్నారేమో!

మన భూమిలో ఏం పండిస్తున్నాం, అడవిలో నుంచి ఏం తెస్తున్నాం, ఇంట్లో ఎవరు ఎంత కష్టపడుతున్నారు, మన పిల్లల ఒంట్లో రక్తం ఎంత ఉంది, మన భాషలో ఎన్ని మాటలు మిగిలాయి అనే లెక్కలన్నీ చివరికి పొయ్యి దగ్గరే తేలతాయి. అందుకని ఈ ముప్పావు గంట నన్ను భరించండి.

పొయ్యి చుట్టూ ఉన్న సామాను

ముందు మన ఇంటిని ఒకసారి గుర్తు చేసుకోండి. పాడేరు, అరకు, చింతపల్లి, ముంచంగిపుట్టు వైపు ఏ పాత ఇల్లు తీసుకున్నా, మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మట్టి కుండ, పక్కన గరిటె బదులు కొయ్య తెడ్డు. వసారా నేలలో పాతిన రోలు, గోడకు ఆనించిన రోకలి. మూలన తిరగలి. చేట, జల్లెడ, వెదురు బుట్టలు. నీళ్ళకూ అంబలికీ ఆనపకాయ బుర్ర. తినడానికి అడ్డాకులతో కుట్టిన విస్తరి, తాగడానికి అదే ఆకు డొప్ప. ఇప్పటి లెక్కలో ఈ సామానంతా కలిపి ఒక మిక్సీ ఖరీదు కూడా చేయదు. కానీ ఇందులో ఒక్కటీ కారణం లేకుండా లేదు.

ఆనపబుర్రనే తీసుకోండి. కాయ ముదిరి ఎండాక లోపలి గుజ్జు, గింజలు తీసేసి కడిగి ఆరబెడితే తేలికైన సీసా తయారవుతుంది. పొలానికి మోసుకెళ్ళినా భుజం నొప్పి పుట్టదు. మధ్యాహ్నం ఎండలో కూడా అందులో అంబలి చల్లగా ఉంటుంది. విరిగిపోతే మట్టిలో కలిసిపోతుంది, ఇంటి ముందు పాదులో మరో నాలుగు కాస్తాయి.

పొయ్యి మీదుండే అటక చూడండి. మొక్కజొన్న కంకులు, చిక్కుడు గింజలు, వచ్చే ఏటి విత్తనం, ఎండు చేపలు అక్కడే వేలాడతాయి. కొత్తవాళ్ళు చూసి ‘ఇల్లంతా మసి’ అంటారు. ఆ పొగే విత్తనాన్ని పురుగు పట్టకుండా కాపాడుతుంది. మా పెద్దలకు విత్తన కొట్టు వేరే లేదు, వంటిల్లే విత్తన కొట్టు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, గ్యాసు పొయ్యి గురించి చెప్పేటప్పుడు మళ్ళీ వస్తాను.

చోడి మిగిలింది, సామ ఎందుకు తగ్గింది?

ఇప్పుడు ఒక ప్రశ్న. మన ఊళ్ళలో చోడి అంబలి ఇంకా చాలా ఇళ్ళల్లో ఉంది. సామ అన్నం మాత్రం బాగా తగ్గిపోయింది. కొర్రకొత్త పండుగకు కొత్త గింజ వండి దేవుడికి పెట్టి, ఆ ఏడాదికి మళ్ళీ వండని ఇళ్ళున్నాయి. రెండూ కొండ మీద పండే పంటలే. రెండింటికీ పెట్టుబడి తక్కువే. మరి ఒకటి నిలబడి, ఒకటి ఎందుకు జారిపోయింది?

‘జనానికి నాగరికత ఎక్కువైంది, వరి అన్నం రుచి మరిగారు’ అని సభల్లో చెబుతారు. అందులో కొంత నిజం ఉందేమో. అసలు జవాబు మాత్రం గింజలోనే ఉంది.

చోడి గింజకు గట్టి పొట్టు లేదు. కొట్టి, చెరిగి, ఎండబెట్టి తిరగలిలో వేస్తే పిండి అయిపోతుంది. సామలు, కొర్రలు, ఊదలు అలా కాదు. వాటికి గింజను అంటుకుని గట్టి పొట్టు ఉంటుంది. దాన్ని విడదీయాలంటే ఎండబెట్టాలి, రోట్లో పోసి దంచాలి, చేటతో చెరగాలి, మళ్ళీ దంచాలి, మళ్ళీ చెరగాలి. గింజ చిన్నది కాబట్టి గట్టిగా దంచితే నూకైపోతుంది, మెల్లగా దంచితే పొట్టు పోదు. ఒక పూట వంటకు ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి రోకలి పోట్లు వేయాలి. పోనీ నెలకు సరిపడా ఒకేసారి దంచి పెట్టుకుందామంటే, పొట్టు తీసిన సామబియ్యం ఎక్కువ కాలం నిలవ ఉండదు. గింజలోని నూనె గాలి తగిలి కనరు వాసన కొడుతుంది. పొట్టుతో ఉంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే మన అమ్మలు ఎప్పటికప్పుడు దంచేవారు. అంటే, ఆ పనికి సెలవు లేదు.

ఇంతలో 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. తర్వాత పేర్లు మారాయి, ధరలు మారాయి. 2023 జనవరి నుంచి ఆహార భద్రత చట్టం కింద రేషను బియ్యం ఉచితమే అయింది. పొద్దున నీళ్ళు మోసి, కట్టెలు తెచ్చి, పొలం పనికి వెళ్ళొచ్చి, పిల్లవాణ్ణి చంకనేసుకుని రోలు దగ్గర నిలబడే తల్లి ముందుకు పొట్టు తీసిన బియ్యం సంచి వచ్చింది. ఆమె ఏది ఎంచుకోవాలి? ఆమె రేషను బియ్యం ఎంచుకుంది. మీరైనా, నేనైనా అదే చేసేవాళ్ళం. ఆ బియ్యం వల్ల కరువు నెలల్లో పస్తులు తగ్గాయి, దాన్ని కాదనడం లేదు.

కాబట్టి ‘మన ఆడవాళ్ళు మన తిండి మరిచిపోయారు’ అని ఏ తమ్ముడూ మైకు ముందు అనకూడదు. సామలు పోవడానికి కారణం రోకలి ఎప్పుడూ ఒకే వైపు చేతుల్లో ఉండటం. మన సమాజంలో ఆడవాళ్ళకు గౌరవం ఎక్కువని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ గౌరవం రోలు దగ్గర కూడా కనబడి ఉంటే సామలు ఇంత తొందరగా పోయేవి కావు.

పోయినదాని విలువ

పోతే పోయిందిలే, కడుపు నిండితే చాలు అంటారా? ఒక్క లెక్క చెబుతాను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మన దేశపు తిండి పదార్థాల్లో ఏమేమి ఉన్నాయో కొలిచి పట్టికలు వేసింది. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. మరపట్టిన తెల్ల బియ్యంలో పది మిల్లీగ్రాముల లోపే. పాలు తాగే అలవాటు పెద్దగా లేని మన ఇళ్ళల్లో ఎముకలకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్ని బట్టి అర్థం చేసుకోండి. సామలు, కొర్రల్లో పీచు ఎక్కువ, అన్నంలా తొందరగా అరిగిపోదు, పొలంలో మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రక్తం తక్కువగా ఉంటే చోడి అంబలి తాగితే చాలు, పరీక్షలెందుకు అనుకోవద్దు. మన ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఉంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, తిండితో పోయేది కాదు. దాని కోసం 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. పెళ్ళికి ముందే అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. మన తిండిని ప్రేమించడమంటే, అది చేయలేని పనిని దాని నెత్తిన పెట్టడం కాదు.

వంటలో దాగిన చదువు

మన వంట చాలా సులువని, మసాలా తెలియని వంట అని అనేవాళ్ళున్నారు. సులువో కాదో చూద్దాం.

చోడి అంబలి: రాత్రి పిండిని నీళ్ళలో కలిపి కుండలో పెడతారు. తెల్లారేసరికి కొద్దిగా పులుస్తుంది. నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో తిప్పుతూ ఉడికిస్తారు. పులియడం వల్ల రుచి వస్తుందని మనకు తెలుసు. గింజలో ఇనుమును, కాల్షియాన్ని పట్టి ఉంచే పదార్థం పులిసినప్పుడు తగ్గుతుందని, అప్పుడు అవి ఒంటికి బాగా పడతాయని ఇవాళ శాస్త్రం చెబుతోంది. మన అవ్వలు దానికి పేరు పెట్టలేదు, పని మాత్రం చేశారు.

వెదురు కొమ్ములు: తొలకరి వానలకు మొలిచే లేత కొమ్మును పొరలు వలిచి సన్నగా తరుగుతారు. ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోస్తారు, తర్వాతే కూర. ఎందుకు? పచ్చి కొమ్ములో చేదు మాత్రమే కాదు, సైనైడును పుట్టించే పదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, బాగా ఉడికిస్తే అది పోతుంది. అడవిలో దొరికే చేదు దుంపలూ అంతే. పలచగా కోసి, బుట్టలో పెట్టి, పారే నీటిలో ఉంచి, విషం పోయిందని తెలిసినవాళ్ళు చెప్పాకే తినాలి. ఏ దుంప ఎన్ని రోజులు నీటిలో ఉండాలో పుస్తకంలో చూసి నేర్చుకునేది కాదు. మీ ఊళ్ళో తెలిసిన ముసలమ్మ ఉంటే ఆమె దగ్గరే నేర్చుకోవాలి. నేర్చుకోకుండా ప్రయోగాలు చేయవద్దు.

మామిడి టెంక: కరువు నెలల్లో టెంక పగలగొట్టి, జీడి తీసి, పిండి చేసి, వగరు పోయేదాకా నీళ్ళలో కడిగి అంబలి కాచేవారు. 2001లో పక్కనే ఉన్న ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో ఈ టెంకంబలి తాగిన తర్వాత పలువురు ఆదివాసీలు చనిపోయారు. అది ఆకలి చావా, విషాహారమా అని అప్పట్లో పెద్ద వాదన జరిగింది. వాన తడికి బూజు పట్టిన టెంక ప్రాణం తీస్తుంది. కానీ ఇంట్లో వేరే గింజ ఉన్నవాడు బూజు పట్టిన టెంక వండుకోడు కదా! అందుకే తిండి గురించి మాట్లాడటం అంటే భూమి గురించి, నిలవ గింజ గురించి, ప్రభుత్వ బాధ్యత గురించి కూడా మాట్లాడటమే. అలాంటి రోజులను మన సంస్కృతి అని పొగడక్కర్లేదు. మళ్ళీ రాకుండా చూసుకోవాలి.

బొంగు చికెన్ మాత్రమే మన వంటా?

అరకు రోడ్డు మీద కార్లు ఆపి బొంగు చికెన్ తింటారు. మన కుర్రాళ్ళు కొందరు దానితో సంపాదించుకుంటున్నారు, సంతోషం. పచ్చి వెదురు బొంగులో కోడి మాంసం కూరి, ఆకుతో మూత పెట్టి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చే ఆ వంటకు నూనె చుక్క అక్కర్లేదు. మంచి వంట. కానీ అది మనం రోజూ తినేది కాదు. మన రోజువారీ తిండి అంబలి, సామ అన్నం, కందులు, చిక్కుళ్ళు, రాజ్మా, ఆకుకూరలు, దుంపలు. బొంగు చికెన్‌కు చప్పట్లు కొట్టే ఊళ్ళోనే, హాస్టల్లో మన పిల్ల అంబలి పేరెత్తితే పక్కనున్నవాళ్ళు మూతి ముడుస్తారు. ఆ పిల్ల మరుసటి సెలవులకు ఇంటికెళ్ళి ‘నాకు అంబలి వద్దు’ అంటుంది. మన తిండి అలా కూడా పోతోంది.

ఇప్పుడు గాలి కొంచెం మారింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. అదే ఏడాది మన రాష్ట్రంలో బడి పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. ఒడిశాలో 2017 నుంచే చిరుధాన్యాల కోసం ప్రత్యేక పథకం నడుస్తోంది. నగరాల్లో సామబియ్యం అందమైన సంచుల్లో సన్నబియ్యం కంటే ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మనం సామలు సంతలో పొట్టుతోనే అమ్ముకుని, ఆ డబ్బుతో పాకెట్టు నూడుల్స్ కొంటే లాభం ఎవరికి? ఆలోచించండి.

పాత పొయ్యికి తిరిగి పొమ్మనడం లేదు

ఇంత చెప్పాను కదా అని గ్యాసు వదిలేసి మూడు రాళ్ళ పొయ్యికి పొమ్మంటున్నానని అనుకోవద్దు. వంటింటి పొగ వల్ల, ఇంటిలోపలి గాలి చెడిపోయి 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పొగ పీల్చేది అమ్మ, ఆమె చంకలోని పసిబిడ్డ. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాయి. గ్యాసు పొయ్యి రావడం మంచిదే. సిలిండరు కొండ మీదకు చేరడం, దాని ఖర్చు భరించడం ఇంకా కష్టంగానే ఉంది, అది వేరే పోరాటం.

కానీ పొగ పోతే విత్తనం ఎక్కడ దాచాలి? ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇదే. అటక మీది పొగ చేసే పని ఇంకెవరైనా చేయాలి. గింజను కటకటలాడేలా ఎండబెట్టి, బూడిద, ఎండు వేపాకు కలిపి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెడితే చాలావరకు పురుగు రాదు. కొత్త వస్తువు ఇంట్లోకి వచ్చినప్పుడల్లా, పాత వస్తువు ఏ పని చేసేదో అడగండి. ఆ పనికి దారి చూపించాక పాతదాన్ని పక్కన పెట్టండి. ఒక్క కొత్త పొయ్యి వల్ల ఊరి విత్తనం పోకూడదు.

మీరు చేయగలిగిన పనులు

ఒకటి. ఊరికో, రెండు మూడు ఊళ్ళకు కలిపో ఒక సామలు పొట్టు తీసే చిన్న మర పెట్టించండి. కరెంటుతో నడిచే చిన్న యంత్రాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. మహిళా సంఘం పేరు మీద దరఖాస్తు రాయడం, ఐ.టి.డి.ఏ. కార్యాలయం చుట్టూ తిరగడం మీ పని. చదువుకున్నది ఇందుకే. ఒకేసారి బస్తాలు మర పట్టించవద్దు. పదిహేను రోజులకు సరిపడా మాత్రం పట్టించుకోండి, కనరు వాసన రాదు.

రెండు. మర వచ్చేదాకా తమ్ముళ్ళూ, రోకలి మీరు పట్టుకోండి. జిమ్ముకు డబ్బు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు కదా ఇక్కడ! వారానికి ఒక రోజు ఇంట్లో సామలు దంచి చూడండి. చెరగడం అమ్మ దగ్గర నేర్చుకోండి, దంచడం కంటే అది కష్టం.

మూడు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో గదుల్లో ఉండి చదువుకునేవాళ్ళకు రోలు, తిరగలి కుదరవు. మీకు ఒక గిన్నె, ఒక చిన్న కుక్కరు చాలు. రాత్రి మూడు చెంచాల చోడి పిండిని అర గ్లాసు నీళ్ళలో కలిపి మూత పెట్టండి. పొద్దున రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, ఆ పిండి పోసి, తిప్పుతూ పది నిమిషాలు ఉడికించి, ఉప్పు వేసి, చల్లారాక మజ్జిగ పోసుకోండి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకోండి. సామబియ్యం అయితే గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి, అరగంట నానబెట్టి, కుక్కర్లో రెండు కూతలు రానివ్వండి. గదిలో స్నేహితుడికి కూడా పెట్టండి. మూతి ముడిస్తే ముడవనివ్వండి, రెండో రోజు అతనే గిన్నె పట్టుకొస్తాడు.

నాలుగు. మాటలు రాసిపెట్టండి. చేటలో గింజను ఊపే ఒక్కో తీరుకు, అంబలి చిక్కదనానికి, దుంపల రకాలకు, కుండ మెడకు, రోకలి పొన్నుకు మీ ఇంటి మాటలో పేర్లున్నాయి. కువిలో, కుపియాలో, కొండ భాషలో, గదబలో, ఆదివాసీ ఒడియాలో. వస్తువు పోయిన పదేళ్ళకు దాని పేరు కూడా పోతుంది. మీ అవ్వ వంట చేస్తుండగా ఫోనులో వీడియో తీయండి. ఆమె ఒప్పుకుంటేనే తీయండి. ఆమె మాటల్లోనే చెప్పించండి, తెలుగులోకి మార్చమనకండి.

అయిదు. కొత్త పండుగలను వదలకండి. మామిడి కొత్త చేసేదాకా కాయ తినకూడదని పెద్దలు పెట్టిన కట్టుబాటు భక్తి మాత్రమే కాదు. కాయ ముదరకుండా, టెంక కట్టకుండా ఎవరూ కోయకుండా అది కాపాడింది. కొర్రకొత్త ఉన్నంతవరకు ఊళ్ళో ఎవరో ఒకరు కొర్రలు, సామలు వేయక తప్పదు. వేసినంతకాలం విత్తనం ఉంటుంది.

అమ్మలూ, మీకు నేను చెప్పేది ఏమీ లేదు. ఇవన్నీ మీ దగ్గర విన్నవే. ఒక్కటి అడుగుతాను. మీ కొడుకు వంటింట్లోకి వస్తే ‘నీకెందుకురా’ అని బయటికి పంపకండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది. బయట అన్నాలు సిద్ధమయ్యాయి. సామ అన్నం, కందిపప్పు, చిక్కుడు గింజల కూర, అడ్డాకు విస్తళ్ళు. ఆ సామలు నిన్న సాయంత్రం దంచింది మన సంఘం కుర్రాళ్ళే, నూకలు కొంచెం ఎక్కువగా కనబడితే ఏమీ అనకండి, వచ్చే ఏటికి చేయి తిరుగుతుంది. వడ్డన అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి చేస్తారు. గుండిగలు తోమే పని ఈసారి అబ్బాయిలకే ఇవ్వమని పెద్దలను అడిగాను. సరేనన్నారు. పేర్లు ఇప్పుడే రాయించండి.

జై ఆదివాసీ. జోహార్.